మూడో అరలో ముఖం

ఫిబ్రవరి 17, 1937, బుధవారం

నిన్న ఫుంగ్‌యీ చనిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున ఆరింటికి లేచాను. తను అప్పటికే మేలుకుని ఉంది. దగ్గు తక్కువగా ఉంది. అత్తయ్య బియ్యం జావ కాచింది. నాలుగు చెంచాలు తాగి, ఉప్పులో ఊరిన బాతుగుడ్డు తెమ్మంది. పచ్చసొన తను తింది, తెల్లసొన నేను తిన్నాను. పెళ్లయినప్పటి నుంచీ అలాగే తింటున్నాం.

తొమ్మిదింటికి డాక్టరు వచ్చాడు. ఊపిరితిత్తులు విని, మెట్ల దగ్గర నాతో "రెండు మూడు రోజులు" అన్నాడు. అత్తయ్యకు చెప్పలేదు. కొత్త సంవత్సరం వచ్చి ఆరో రోజు. పండుగ నారింజలు ఇంకా బల్ల మీదే ఉన్నాయి. వాటి ముందు చెడ్డమాట అనకూడదు.

మధ్యాహ్నం కాస్త తేరుకుంది. దిండుకు ఆనుకుని కూర్చుని, సినిమాలకు ఎక్స్‌ట్రాలను పంపే ఏజెంటు బిల్లీ లోక్ స్టూడియో దొరల ముందు ఎలా వంగి నడుస్తాడో రెండు వేళ్లతో దుప్పటి మీద నడిపించి చూపించింది. అత్తయ్య నవ్వింది. మూడున్నరకు "నా మొహం ఎలా ఉంది?" అని అడిగింది. చూసి, "బాగుంది" అన్నాను. "అబద్ధాలకోరు" అంది. నిద్రపోయింది. నాలుగుంపావుకు ఊపిరి ఆగింది.

కిటికీ అవతల, కొత్త రైల్వే స్టేషను కోసం మన చైనావాళ్ల వీధి ఇళ్లు కూలగొడుతున్నారు. ఐదింటిదాకా ఆ చప్పుడు ఆగలేదు.

తనకు ముప్పై నాలుగేళ్లు.

ఫిబ్రవరి 18

వారం రోజులు మూలికల కొట్టుకు రావద్దని యజమాని సెటోగారు అన్నారు. సోమవారం వస్తానన్నాను. అక్కడి సొరుగులు నేను లేకపోతే కలగాపులగం చేస్తారు.

ఫిబ్రవరి 20

కొండ వాలులో పూడ్చాం. బిల్లీ లోక్ వచ్చాడు. వెనకాల ఎనభై మంది. అందరూ సినిమాల్లో ఎక్స్‌ట్రాలు. సిపాయిలు, రిక్షావాళ్లు, కరువులో చచ్చే జనం.

"ప్రొఫెసరూ," అన్నాడు బిల్లీ. ఇంజనీరింగ్ చదివి వేర్లు తూచుకుంటున్నానని నన్ను అలాగే పిలుస్తాడు. "వీళ్లను నేను పిలవలా. వాళ్లే వచ్చారు. ఏ పాత్ర, ఏ దుస్తులు అని అడక్కుండా వీళ్లంతా ఒకచోట చేరడం పదిహేనేళ్లలో ఇదే చూడ్డం."

తర్వాత ఏడ్చాడు. నాకు ఇబ్బందిగా అనిపించింది.

ఫిబ్రవరి 22

పోయినవాళ్లకు ఏడేసి రోజులకొక పూజ; ఇవాళ మొదటి ఏడు. ఇంకా ఆరు ఉన్నాయి. ఏప్రిల్ ఐదున నలభై తొమ్మిదో రోజు. ఆ రోజే సమాధులు శుభ్రం చేసే పండుగ కూడా.

పూజా పీఠం మీద ఎర్ర కాగితంపై తన పేరు రాసి పెట్టాను. అత్తయ్యకు అది చాలలేదు.

"పేరుకు దణ్ణం పెట్టడమేమిటి నాయనా? చీటీ చదువుకుని ఇంటికొస్తుందా అది? ఫోటో ఏదీ?"

"లేదు అత్తయ్యా."

"సినిమాల్లో పదహారేళ్లు పనిచేసిన పిల్లకి ఫోటో లేదా!"

లేదు. మంచి ఫోటోలన్నీ స్టూడియోలకు ఇచ్చుకుంది. ఒక్కటీ తిరిగి రాలేదు. పెళ్లి ఫోటో పాత ఇల్లు కూల్చినప్పుడు ఎక్కడో పోయింది. ఉన్నదల్లా ప్రభుత్వం మనవాళ్లకు ఇచ్చే గుర్తింపు పత్రం మీద బొటనవేలంత బొమ్మ. దాని నోటి మీదుగా ముద్ర. అత్తయ్యకు ఒక కన్ను పూర్తిగా పోయింది, రెండోదానికి పొర కమ్మింది. ఆ పత్రాన్ని కంటికి ఆనించుకుని చూసి వెనక్కిచ్చేసింది.

"నా కూతురి నోరు మూసిన బొమ్మ నాకొద్దు."

ఫిబ్రవరి 25

బిల్లీకి చెప్పాను. "ఆ పెద్ద స్టూడియోలో అడుగుతా. ఏడాదిపాటు వాళ్ల దొరసానికి నడక నేర్పింది గదా. ఒక్క ఫోటో ఇవ్వలేరా?" అన్నాడు.

ఈ రోజు బాగానే గడిచింది.

ఫిబ్రవరి 27

రాయాల్సిన పని లేదు. అయినా రాస్తాను.

నిరుడు జనవరిలో ఆ సినిమాకి ఫుంగ్‌యీని పరీక్షించారు. చైనా రైతు భార్య పాత్ర. కెమెరా ముందు రెండు రోజులు చేయించారు. బాగా చేసిందని డైరెక్టరే అన్నాడట. కాని రైతు వేషం అప్పటికే ఒక తెల్ల హీరోకి ఇచ్చేశారు. తెల్లవాడు చైనావాడి వేషం వేసినా తెల్లవాడే. అతని పక్కన భార్యగా నిజం చైనా మనిషి ఉంటే తెర మీద జాతులు కలిసినట్టవుతుందట. నియమాలు ఒప్పుకోవు. కాబట్టి భార్య వేషం మిస్ లాంగ్‌డన్‌కి వెళ్లింది. మిస్ లాంగ్‌డన్‌కి నడవడం, పుల్లలతో తినడం, కుండ ఎత్తడం, ఏడవడం నేర్పే పని ఫుంగ్‌యీకి వచ్చింది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి చెప్పులు విప్పకుండానే కూర్చుంది. "ఏం చెయ్యను?" అంది.

"పని పనేగా" అన్నాను.

తర్వాత మరొకటి అడిగారు. మిస్ లాంగ్‌డన్‌కి అతికించే రబ్బరు రెప్పల కోసం ఒక అసలు చైనా ముఖం అచ్చు కావాలట. ప్లాస్టరులో. దానికీ నన్ను అడిగింది.

"పది నిమిషాల పని" అన్నాను.

మార్చి 3

కవరు వచ్చింది. స్టూడియో ప్రచార విభాగం నుంచి, టపాలో. అట్టల మధ్య పెద్ద ఫోటో.

నేను విప్పేసరికి అత్తయ్య చేయి చాచింది. ఇచ్చాను. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి ముక్కుకు ఆనించుకుని చూసింది. చాలాసేపు చూసింది.

"అమ్మా, ఎంత చిక్కిపోయావే" అంది. మళ్లీ, "కళ్లు చూడు నాయనా. దాని కళ్లే" అంది.

అవునన్నాను.

మార్చి 4

ఫ్రేము కట్టించాను. ఫోటో బాగుంది.

మార్చి 8

మూడో ఏడు. ఉడికించిన కోడి, అన్నం, మూడు గిన్నెల టీ. అత్తయ్య ఫోటోతో గంటసేపు మాట్లాడింది. కూరగాయల వాడు మోసం చేశాడని, పైవాటాలో పిల్లకి దంతాలు వస్తున్నాయని. నేను అగరొత్తులు వెలిగించి, నేల చూస్తూ మూడుసార్లు వంగాను.

మార్చి 12

సినిమా విడుదలైంది. వెళ్లను.

మార్చి 13

బయట వాన. గొడుగు లేదు. థియేటరు దగ్గర్లోనే ఉంది కనక లోపలికి వెళ్లాను. మనవాళ్లను కూర్చోబెట్టే పక్కవరుసలో కూర్చున్నాను. మధ్యాహ్నం ఆట.

మిస్ లాంగ్‌డన్ బాగా చేసింది. కుండ ఎత్తేటప్పుడు ఎడమ కాలి మీద బరువు వేసింది. గుమ్మం దాటేటప్పుడు వేలి కొసలతో తలుపు చెక్క తాకింది. జనం ఆమెను చూస్తున్నారు. నేను ఎవరిని చూస్తున్నానో నాకు తెలుసు.

ఒకచోట రైతు బిడ్డ చచ్చిపోతుంది. తల్లి ఏడవదు. బిడ్డ చొక్కా తీసుకుని చేతులు రెండూ లోపలికి మడిచి, మెడ దగ్గర నాడా ముడివేసి, మళ్లీ విప్పి, మళ్లీ వేసి, పెట్టెలో పెడుతుంది.

అది మా ఇంట్లో ఒక్కసారే జరిగింది. ఆరేళ్ల కిందట. గదిలో నేనూ తనూ తప్ప ఎవరూ లేరు.

నా ముందు వరుసలో ఒక తెల్లావిడ ముక్కు చీదుకుంటూ తన మనిషితో "వీళ్లకి కూడా ఇంత బాధ ఉంటుందని ఎప్పుడూ అనుకోలేదు" అంది.

మార్చి 14

మళ్లీ వాన.

మార్చి 15

వాన లేదు. వెళ్లాను.

మార్చి 18

సెటోగారి భార్య పిండివంటలు తెచ్చింది. పీఠం ముందు నిలబడి అగరొత్తి వెలిగించబోయి ఆగింది. నా వైపు చూసింది. అత్తయ్య వంటగదిలో ఉంది.

"ఎవరయ్యా ఈవిడ?" అంది మెల్లగా.

నేను టీ గిన్నె పక్కకు జరిపాను.

"నిన్ననే సినిమా చూశాను. ఆ దొరసాని కదూ?"

"స్టూడియోవాళ్లు పొరపాటున పంపారు."

"పొరపాటు వాళ్లది. ఇక్కడ మేకు కొట్టింది ఎవరు?"

వంటగదిలోంచి అత్తయ్య "ఎవరు వచ్చారు నాయనా? మా అమ్మాయిని చూశారా?" అని కేకేసింది.

"చూశానమ్మా," అంది సెటోగారి భార్య. అగరొత్తి మాత్రం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

మార్చి 19

ఫోటో తప్పని చెబితే బిల్లీ స్టూడియోకి ఫోను చేసి కనుక్కున్నాడు. అప్పట్లో అతను ఆ ఆఫీసులో "ఆ సినిమాలో చైనా ఆవిడ ఫోటో" అని అడిగాడట. అక్కడి గుమాస్తాకు ఆ సినిమాలో చైనా ఆవిడ అంటే ఒకరే.

"నా తప్పే ప్రొఫెసరూ. పేరు చెప్పాల్సింది. కాని ఏ పేరు చెప్పినా వాళ్ల కాగితాల్లో ఉండదు."

మార్చి 21

కవరు విప్పిన క్షణంలోనే నాకు తెలుసు. అది రాసుకోవాలి. అత్తయ్య చేతికి ఇచ్చేముందే తెలుసు. పద్దెనిమిది రోజులుగా నా భార్య చోట ఒక తెల్ల నటికి టీ పోస్తున్నాను.

ఎందుకు ఊరుకున్నానంటే అత్తయ్య కోసం. ముసలావిడ సంతోషపడింది, అందుకు.

మార్చి 22

అయిదో ఏడు. అత్తయ్య ఫ్రేము అద్దం తుడుస్తూ ఆగింది.

"దీని కనుబొమ్మ మీద గాటు ఉండాలి నాయనా. కుడివైపు. మూడేళ్లప్పుడు పొయ్యి అంచు మీద పడింది. అంత రక్తం! నా కంటికి ఆనడం లేదు. ఉందా?"

"ఉంది" అన్నాను.

"ఉంటుందిలే. ఎక్కడికి పోతుంది."

మార్చి 23

అబద్ధాలకోరు.

మార్చి 24

ఫిబ్రవరి పదిహేడున రాసిందాంట్లో ఒకటి నిజం కాదు. "నా మొహం ఎలా ఉంది?" అని తను అడిగినప్పుడు నేను పేపరు చదువుతున్నాను. తల ఎత్తకుండానే "బాగుంది" అన్నాను. చూడలేదు.

కళ్లు మూసుకుంటే వస్తున్నది తెర మీది ముఖం. తన ముఖం కోసం వెతికితే ఆ మనిషే వస్తోంది. నడక తనది, చేతులు తనవి, రెప్పలు తనవి. తక్కినది కాదు. తక్కినదే నాకు గుర్తు రావడం లేదు. పదకొండేళ్లు ఒకే బల్ల దగ్గర తిన్నాను.

ఇక సినిమాకి వెళ్లను.

మార్చి 25

వెళ్లాను.

మార్చి 27

అచ్చు ఉంటుంది. ప్లాస్టరు అచ్చు. రెప్పలు తీయాలంటే ముఖమంతా తీసి ఉండాలి. ఇన్నాళ్లూ ఇది ఎందుకు తట్టలేదో తెలియదు. గాటు కూడా ఉంటుంది.

ప్లాస్టరుకి అత్తయ్య కంటితో పని లేదు. వేళ్లు చాలు.

మార్చి 28

అచ్చు తీసిన హాల్వర్సన్ కోసం స్టూడియో గేటు దగ్గరికి వెళ్లాను. కావలివాడు నా టోపీ, కోటు చూశాడు.

"లాండ్రీవాళ్లకి వెనక గేటు."

"మేకప్ విభాగంలో మిస్టర్ హాల్వర్సన్‌ని కలవాలి."

"వెనక గేటు అన్నానా?"

వెనక గేటు దగ్గర లాండ్రీ మూట లేనందుకు పంపించేశారు.

మార్చి 29

ఆరో ఏడు. బిల్లీకి అచ్చు సంగతి చెప్పాను. చాలాసేపు నవ్వాడు. బాధతోనే.

"లోపలికి వెళ్లడానికి ఒకటే దారి ప్రొఫెసరూ. గురువారం వాళ్లకి మూడువందల మంది కూలీలు కావాలి. చైనా రేవు సీను. కావడి మొయ్యడం వచ్చా?"

"రాదు."

"మంచిది. డైరెక్టరుకీ రాదు. తేడా వాడికి తెలీదు."

ఏప్రిల్ 1, గురువారం

వివరంగా రాస్తాను.

ఐదున్నరకు బిల్లీ బస్సు. గేటు దగ్గర అదే కావలివాడు. ఈసారి నన్ను చూడలేదు. మూడువందల గడ్డి టోపీల్లో నాదొకటి.

మేకప్ గదిలో ఒక కుర్రమనిషి స్పాంజితో నా ముఖానికి పచ్చటి గోధుమ రంగు పులమబోయాడు.

"నాకెందుకు?" అన్నాను.

"హీరో పక్కన నిలబడితే నువ్వు పాలిపోయినట్టున్నావు. ఆయనకి వేసిన రంగే అందరికీ వెయ్యాలి. లేకపోతే ఆయన చైనావాడిలా కనపడడు."

పక్క కుర్చీలో ముసలి చిన్ గారు, నలభై సినిమాల్లో చచ్చినవాడు, కళ్లు మూసుకునే అన్నాడు: "వేయించుకో తమ్ముడూ. మీ అమ్మ చేసిన పనిలో ఏదో తక్కువైందట."

గదంతా నవ్వింది. నేనూ నవ్వాను. చాలా రోజులకి.

రేవు దృశ్యం మూడింటిదాకా సాగింది. కావడి నాలుగుసార్లు కిందపడేశాను. నాలుగోసారి అదే బాగుందని ఉంచేశారట.

అప్పుడు ఆ రంగుతోనే, ఆ టోపీతోనే, భుజాన ఆ కావడితోనే హాల్వర్సన్ గదికి వెళ్లాను. ఎవరూ ఆపలేదు. వేషంలో ఉన్నవాణ్ని ఎవరూ ఆపరు. అరవై ఏళ్ల మనిషి. వేళ్లకు ఎండిన ప్లాస్టరు. గోడ నిండా అరలు, అరల నిండా ముఖాలు. అన్నీ కళ్లు మూసుకున్నవే. నేను అటు చూడలేదు. ఆయన ముఖమే చూస్తూ మాట్లాడాను.

"నా భార్య పేరు ఫుంగ్‌యీ. నిరుడు మీరు అచ్చు తీశారు. ఫిబ్రవరిలో పోయింది."

ఆయన చేతులు తుడుచుకుని కూర్చున్నాడు.

"దగ్గుతూ ఉండేది," అన్నాడు. "ఆ రోజు మాత్రం దగ్గలేదు. పదకొండు నిమిషాలు. ముక్కులో రెండు గొట్టాలు పెట్టి ముఖమంతా కప్పేస్తాం. పెద్ద పెద్ద హీరోలు మూడో నిమిషానికే చేతులు కొట్టుకుంటారు. ఆవిడ నవ్వింది."

"నవ్విందా?"

"మా కుర్రాడు ఏదో వాగాడు. ప్లాస్టరు కింద నవ్వింది. పెదవి మూల అచ్చులో పడిపోయింది. చెడింది, మళ్లీ తీద్దామన్నాను. 'మీకు కావలసింది కళ్లే కదా' అంది." వేళ్ల మీది ప్లాస్టరు గిల్లాడు. "ఆ మాట అప్పుడు మామూలుగానే వినపడింది."

కనుబొమ్మ మీద గాటు గురించి అడిగాను.

"ఉంది. రబ్బరు పోసేముందు దాన్ని మైనంతో పూడ్చాను. మిస్ లాంగ్‌డన్‌కి అక్కర్లేదు కదా. తర్వాత మైనం గీకేశాను, అచ్చు మీద గాటు అలాగే ఉంది."

"నాకు అది కావాలి."

"స్టూడియో సొత్తు. ఇవ్వడానికి లేదు." లేచి, గోడ వైపు వెళ్లాడు. మూడో అర ముందు ఆగిన చప్పుడు విన్నాను. "సినిమా అయిపోయినవన్నీ రేపు పగలగొట్టేస్తాం. చోటు చాలదు. ఒకటి ఇవాళే చేయిజారి పగిలిందని రాసుకుంటాను."

తువాలులో చుట్టి నా కావడి బుట్టలో పెట్టాడు. పైన గడ్డి కప్పాడు. ఇంకేదో చెప్పబోయి, "రంగు కడుక్కోవడానికి కోల్డ్ క్రీము వాడండి, సబ్బుకి పోదు" అన్నాడు.

గేటు దాకా మోశాను. ఈసారి పడేయలేదు. గేటు బయట బస్సు దగ్గర బిల్లీ బుట్టలోంచి మూట తీసి నా ఒళ్లో పెట్టి, కావడి సామాన్లవాడికి అప్పగించాడు. దారంతా జోకులు వెయ్యలేదు.

ఏప్రిల్ 2

మూట బట్టల పెట్టెలో ఉంది. విప్పలేదు. కొట్టులో పని ఎక్కువ.

ఏప్రిల్ 3

విప్పలేదు. వెనకవైపు తువాలు జారి కొంచెం కనపడింది. పెన్సిలుతో రాసి ఉంది: "లాంగ్‌డన్, కళ్లు." అంతవరకే చూసి కప్పేశాను.

మధ్యాహ్నం థియేటరు దగ్గరికి వెళ్లాను. సినిమా మారిపోయింది.

ఏప్రిల్ 4, ఆదివారం

రేపు నలభై తొమ్మిదో రోజు. సెటోగారు, ఆయన భార్య, బిల్లీ, చిన్ గారు వస్తారు. పది గంటలకు పీఠం దగ్గర చివరి పూజ, తర్వాత కొండకి.

అత్తయ్య ఇవాళ పొద్దుటి నుంచీ కాగితపు బట్టలు మడుస్తోంది. కూతురికి అక్కడ తొడుక్కోవడానికి. నేను ఎదురుగా కూర్చుని నారింజలు తుడుస్తున్నాను.

"నాయనా," అంది తల ఎత్తకుండా. "ఆ ఫోటో ముందు నెల రోజులుగా మాట్లాడుతున్నాను. ఒక్కరోజూ కలలోకి రాలేదు. పేరు కాగితం ఉన్నప్పుడు రెండుసార్లు వచ్చింది."

తుడిచిన నారింజ పళ్లెంలో పెట్టాను.

"నీకు వస్తోందా?"

"లేదు."

"నీ పెట్టెలో ఏముంది?"

ఇంకో నారింజ తీసుకుని తుడవసాగాను. ఆవిడకు కనపడదు, కాని రోజుకు ఎన్నిసార్లు ఆ పెట్టె మూత తీసి మూస్తున్నానో వినపడుతూనే ఉంటుంది.

"రేపు చెబుతాను" అన్నాను.

"రేపటిదాకానే కదా మా అమ్మాయి ఈ ఇంట్లో ఉండేది," అంది. "త్వరగా లే."

నాకు భయం ఉంది. రాసుకుంటే తప్పేం లేదు. తువాలు తీశాక ఆ ముఖం నాకు కొత్తగా కనపడితే, ఎవరిదో అనిపిస్తే, ఇక అడగడానికి ఎవరూ లేరు. అందుకే మూడు రోజులు విప్పలేదు. కొట్టులో పని అంత ఎక్కువేం లేదు.

రేపు పొద్దున ఆరింటికి లేస్తాను. అత్తయ్య లేవకముందే మేకు మీంచి ఫోటో దించి, ఫ్రేము విప్పి, ఆ కవరులోనే పెట్టి స్టూడియో చిరునామా రాస్తాను. మూలికల కత్తితో అచ్చు వెనక రాత గీకేసి, తన పేరు రాస్తాను. తర్వాత అత్తయ్యను లేపి, ఇన్నాళ్లూ ఎవరి ముందు కూర్చోబెట్టానో చెబుతాను. తిడితే పడతాను. ఆవిడ వేళ్లు పట్టుకుని కుడి కనుబొమ్మ మీద పెడతాను. కాని వీటన్నిటికంటే ముందు, పేపరు పక్కన పెట్టి, కిటికీ తెరిచి, వెలుతురులో తువాలు విప్పి, చివరిరోజు తను అడిగినదానికి చూసి జవాబు చెబుతాను.